పేరు పిలిచినంత వచ్చు ఆదేశములు: కదలుబొమ్మల యంత్రముల వెనుకటి చరిత్ర

తోలుబొమ్మలాట చూచినవారికి బొమ్మలవాని బుట్ట గుర్తుండియే యుండును. తెరవెనుక దీపము వెలుగుచుండగా అతడు బుట్టలోని బొమ్మలనన్నింటిని ఒక్కసారిగా తెరపైకి తేడు. కథలో హనుమంతుని ప్రసక్తి వచ్చినప్పుడు హనుమంతుని బొమ్మను తీయును. చూపరులు అలసినట్లు తోచినచో నడుమ కేతిగానిని, బంగారక్కను పిలుచును. ఏ బొమ్మ ఏ ఘడియలో కావలసివచ్చునో సాయంకాలము బుట్ట సర్దుకొనునప్పుడు అతనికి పూర్తిగా తెలియదు. రాత్రి కథ నడచిన తీరునుబట్టి అది తేలును. అయినను పేరు పలికినంతనే ఆ బొమ్మ చేతికందవలెను. అందనిచో ఆట ఆగిపోవును.

కంప్యూటరుపై కదలుబొమ్మలను తయారుచేయువారికి నేడు సరిగా ఇట్టి చిక్కే కలదు. వారి యంత్రములలో బొమ్మలకు బదులు ఆదేశముల పొత్తములుండును. ఏ పొత్తము ఎప్పుడు కావలసివచ్చునో ముందుగా తెలియదు. అడిగినప్పుడు మాత్రము అది రావలెను. ఈ చిక్కును మనుష్యులు ఏడు దశాబ్దములకు పైగా ఎట్లు విప్పుకొనుచు వచ్చిరో, విప్పిన ప్రతిసారియు ఏ క్రొత్త ముడి పడినదో చెప్పుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ముందుగా రెండు మాటలు తెలిసికొందము. కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా వ్రాసిపెట్టిన ఆదేశావళిని స్క్రిప్టు అందురు. బొమ్మ నడకకు ఒక స్క్రిప్టు, ఆకులు రాలుటకు మరియొకటి, తయారైన దృశ్యమును సరియైన పేరుతో భద్రపరచుటకు ఇంకొకటి యుండును. పెద్ద స్క్రిప్టును ఒకే కాగితముపై వ్రాసినచో చదువుట కష్టము, దిద్దుట అంతకంటె కష్టము. కనుక దానిని చిన్నచిన్న భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమునకు ఒక పేరు పెట్టి, వేరువేరుగా దాచెదరు. ఆ భాగమునకే మాడ్యూలని పేరు. ఒక స్క్రిప్టు మరియొక మాడ్యూలును తనలోనికి తెప్పించుకొనుట ఇంపోర్టు. తెప్పించుకొనవలసినవాటి పేర్లను స్క్రిప్టు మొదటనే వ్రాసిపెట్టుట సాధారణ పద్ధతి. పని నడచుచుండగా అప్పటి అవసరమునుబట్టి పేరును నిర్ణయించుకొని తెప్పించుకొనుట రెండవ పద్ధతి. మన కథ ఈ రెండవదానిని గూర్చినది.

కథ ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో మొదలగును. 1949 మే 6వ తేదీన అక్కడ ఎడ్సాక్ అను కంప్యూటరు తన తొలి పనిని నెరవేర్చెను. దాని జ్ఞాపకశక్తి పాదరసము నింపిన గొట్టములలో ధ్వని తరంగముల రూపమున నిలిచియుండెడిది. దానిని నిర్మించిన బృందమునకు నాయకుడు మారిస్ విల్క్స్. యంత్రము నడచిన కొద్ది కాలమునకే ఆయనకొక సత్యము బోధపడెను. తన శేషజీవితములో అధికభాగము తాను వ్రాసిన ఆదేశములలోని తప్పులను వెదకుటకే సరిపోవునని ఒకనాడు మెట్లెక్కుచుండగా తనకు తోచినట్లు ఆయన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఒకసారి సరిచేసిన ఆదేశములను మరల వ్రాయకుండ వాడుకొనగలిగినచో ఆ శ్రమలో కొంతయైనను తగ్గును. ఆ ఆలోచననుండియే ఆదేశముల గ్రంథాలయము పుట్టినది.

ఆ గ్రంథాలయమును చూచినచో నేటివారికి నవ్వు వచ్చును. అది ఒక ఉక్కు బీరువా. దానిలో రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీల చుట్టలుండెను. వర్గమూలమును కనుగొనుటకు ఒక చుట్ట, అచ్చువేయుటకు ఒక చుట్ట, ఈ విధముగా 1951 నాటికి 87 చేరినవి. ఎవరికి ఏది కావలసినను ఆ చుట్టను తీసి, దానిలోని రంధ్రములను తన పట్టీపైకి యంత్రముతో నకలు చేసికొని, చుట్టను తిరిగి బీరువాలో పెట్టవలెను. డేవిడ్ వీలర్ అను యువకుడు దీనికొక ఉపాయమును చేర్చెను. ప్రధానమైన ఆదేశావళి నడుమ ఆగి, చిన్న ఆదేశమాలలోనికి దుమికి, పని ముగించుకొని, బయలుదేరిన చోటికే తిరిగివచ్చు మార్గమది. విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ అను మువ్వురు కలిసి 1951లో ప్రకటించిన పుస్తకము ఈ పద్ధతిని లోకమునకు తెలిపినది. ఇంపోర్టు అను క్రియకు ముత్తాత ఆ ఉక్కు బీరువాయే.

ఇంచుమించు ఆ రోజులలోనే అమెరికాలో గ్రేస్ హాపర్ అను విదుషీమణి బీరువా వద్దకు మనిషి నడచుటనుకూడ మాన్పించెను. ఆమె 1951, 1952 సంవత్సరములలో యూనివాక్ యంత్రమునకై తయారుచేసిన ఏ-జీరో అను ఏర్పాటులో ప్రతి ఆదేశమాలకును ఒక పిలుపు సంఖ్య యుండెను. ఆ సంఖ్యలను వరుసగా వ్రాసి ఇచ్చినచో యంత్రమే అయస్కాంతపు పట్టీపైనుండి ఆయా ఆదేశమాలలను ఏరి, ఒకచోట కూర్చుకొనెడిది. అయినను ఈ కూర్పంతయు పని మొదలగుటకు ముందే ముగియవలెను. బుట్ట సర్దుట వేరు, ఆట వేరు. ఆట నడుమ క్రొత్త బొమ్మకు తావు లేదు.

ఆట నడుమ బొమ్మను రప్పించు విద్య పెద్దఎత్తున కనబడినది మల్టిక్స్ అను ఏర్పాటులో. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, బెల్ ప్రయోగశాలలు కలిసి తలపెట్టిన ఆ మహాప్రయత్నముయొక్క రూపురేఖలు 1965లో ఒక సదస్సున వెల్లడియైనవి. ఒకే కంప్యూటరును అనేకులు ఒకేసారి వాడుకొనవలెనన్నది వారి సంకల్పము. అందరికిని కావలసిన ఆదేశములనన్నింటిని ముందే కూర్చి యుంచుట సాధ్యము కాదు. కనుక ఆదేశావళిలో పరాయి భాగముయొక్క పేరు మాత్రమే వ్రాసి విడిచిపెట్టిరి. నడక ఆ పేరువద్దకు చేరిన మొదటి క్షణమున యంత్రము ఆగి, ఆ భాగమెక్కడ నున్నదో వెదకి, లంకె వేసి, తిరిగి సాగును. వెదకుటకును ఒక క్రమము కలదు. ఇదివరకే తెరచిన భాగములలో మొదట చూడవలెను; పిదప పిలిచినవాని స్థలమున, ఆపై పని నడచుచున్న స్థలమున, చివరకు అందరి గ్రంథాలయమున. మల్టిక్స్ యంత్రములలో కడపటిది కెనడాలో 2000 అక్టోబరులో ఆగిపోయినది. కాని ఈ వెదకు క్రమము మాత్రము వేరు వేషములలో నేటికిని బ్రదికియున్నది.

ఇక మన దృష్టిని హాలండు దేశమువైపు మరల్చవలెను. ఆమ్‌స్టర్‌డామ్ నగరమునందలి గణితశాస్త్ర పరిశోధనాలయములో గైడో వాన్ రోసమ్ అను ఉద్యోగి 1989 డిసెంబరు సెలవులలో తోచుబడికొరకు ఒక క్రొత్త కంప్యూటరు భాషను మొదలుపెట్టెను. ఒక బ్రిటిషు హాస్య ప్రదర్శనపై తనకున్న మక్కువచే దానికి పైథాన్ అని పేరు పెట్టెను. 1991 ఫిబ్రవరిలో దానిని లోకమునకు విడుదల చేసెను. మాడ్యూలను భావమును అతడు మాడ్యులా అను పూర్వభాషల కుటుంబమునుండి గ్రహించెను.

పైథాన్‌లో ఒక మాడ్యూలును పిలిచినప్పుడు జరుగునది ఇది. దాని యొద్ద ఒక చిట్టా కలదు. ఇదివరకే వచ్చియున్న మాడ్యూలుల పేర్లన్నియు అందు వ్రాయబడియుండును. పేరు చిట్టాలో నున్నచో ఆ పాతదానినే మరల చేతికిచ్చును, క్రొత్తగా ఏమియు చదువదు. లేనిచో, వెదకవలసిన చోట్ల జాబితానొకదానిని తీసికొని, మొదటి చోటినుండి వరుసగా వెదకును. దొరికినంతనే చిట్టాలో పేరు వ్రాసికొని, అందలి ఆదేశములను మొదటినుండి చివరవరకు ఒక్కసారి నడుపును. అంతటితో మాడ్యూలు వచ్చినట్లు లెక్క. ‘ఒక్కసారి’ అను ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొందురుగాక. కొంతసేపటికి దానితో పని పడును.

ఈలోగా కదలుబొమ్మల లోకమున ఏమి జరుగుచుండెనో చూతము. టొరంటో నగరములో 1983లో ఏలియస్ అను సంస్థయు, కాలిఫోర్నియాలో 1984లో వేవ్‌ఫ్రంట్ అను సంస్థయు వెలసినవి. ఈ రెండింటిని 1995లో సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ కొని ఏకము చేసెను. ఆ కలయిక ఫలితముగా 1998లో మాయా అను సాఫ్ట్‌వేరు వెలువడినది. ఆ పేరు మన సంస్కృత శబ్దమే. లేనిదానిని ఉన్నట్లు చూపు సాధనమునకు అంతకంటె తగిన పేరు దొరకదు. చలనచిత్రములకు అది చేసిన సేవకు గుర్తుగా అమెరికా చలనచిత్ర అకాడమీ 2003లో సాంకేతిక పురస్కారమునిచ్చెను.

మాయాకు మెల్ అను సొంత ఆదేశభాష మొదటినుండియు కలదు. తెలియని ఆదేశము పేరు వినబడినచో మాయా తన స్క్రిప్టుల స్థలములలో ఆ పేరుగల పత్రముకొరకు వెదకి, దొరికినచో చదివి, ఆదేశమును నెరవేర్చును. ఇది మల్టిక్స్ నాటి విద్యయే. అయితే ఒక పెద్ద లోపముండెను. అందరికిని చెందునట్లు ప్రకటించిన ఆదేశములన్నియు ఒకే ముంగిటిలో కూర్చుండెడివి. ‘నడక’ అను పేరుతో ఒకరు ఏనుగు నడకను వ్రాసి యుండగా, అదే పేరుతో ఇంకొకరు పిల్లవాని నడకను వ్రాసినచో, తరువాత వచ్చినది మొదటిదానిని చెరిపివేయును. తెరపై ఏనుగు పిల్లవానివలె నడచినను యంత్రము తప్పని చెప్పదు. అందుచే చిత్రశాలలవారు ప్రతి పేరు ముందును ఇంటిపేరువలె తమ సంకేతాక్షరములు చేర్చి కాలము గడుపుకొనిరి.

2006లో ఏలియస్ సంస్థ ఆటోడెస్క్ కంపెనీ చేతిలోనికి వచ్చెను. 2007 జనవరిలో వెలువడిన మాయా 8.5వ కూర్పులో పైథాన్ ప్రవేశించినది. అప్పటినుండి ప్రతి మాడ్యూలునకును తన గోడ, తన వాకిలి ఏర్పడినవి. ఏనుగు ఇంటిలో ఒక నడక, పిల్లవాని ఇంటిలో ఒక నడక ఏ తగవును లేక ఉండగలిగినవి.

హాలండు దేశమునుండియే మరియొక సాధనము బయలుదేరినది. టాన్ రూజెండాల్ అను చిత్రశాలాధిపతి తన సంస్థలోని పనికొరకు 1994లో ఆరంభించిన సాఫ్ట్‌వేరునకు బ్లెండర్ అని పేరు. 2000 సంవత్సరమునాటి 2.0 కూర్పునాటికే పైథాన్ అందు చోటు చేసికొనియుండెను. తరువాత దానిని అమ్ముటకై స్థాపించిన కంపెనీ 2002లో మూతపడగా, పెట్టుబడిదారులు 1,00,000 యూరోలిచ్చినచో దానిని విడిచిపెట్టుదుమనిరి. వాడుకరులు దేశదేశములనుండి చందాలు పంపి ఏడు వారములలో ఆ మొత్తమును కూర్చిరి. 2002 అక్టోబరు 13వ తేదీన బ్లెండర్ మూలపాఠము సర్వజనుల సొత్తయ్యెను. దానితో నిర్మించిన లాత్వియా దేశపు ‘ఫ్లో’ అను చిత్రము 2025లో ఉత్తమ యానిమేషను చిత్రముగా ఆస్కారును గెలుచుకొనినది.

బ్లెండర్‌లో అనుబంధములను చేర్చుకొను పద్ధతి మన విషయమునకు చక్కని దృష్టాంతము. అనుబంధములుండు స్థలములను బ్లెండర్ వెదకి, అక్కడున్న పేర్లను జాబితాగా చూపును. కళాకారుడు ఒకదానికి ఎదురుగా గుర్తు పెట్టినంతనే ఆ పేరుగల మాడ్యూలును అప్పుడే తెప్పించి, అందుండు ‘రిజిస్టర్’ అను ఆదేశమును నడుపును. గుర్తు తీసివేసినచో ‘అన్‌రిజిస్టర్’ అను ఆదేశమును నడిపి సాగనంపును. బ్లెండర్‌ను నిర్మించినవారికి ఆ అనుబంధము పేరు తెలియదు. వారు తమ పని ముగించిన పదేండ్లకు, వేరొక ఖండములో, ఎవరో దానిని వ్రాసి యుండవచ్చును. అయినను రెండును కలిసి పనిచేయును. పేరు తెలియని అతిథికొరకు తలుపు విడిచిపెట్టి ఇల్లు కట్టుట యనగా ఇదియే.

చిత్రశాలలలో దీని ఉపయోగము ఇంకను లోతైనది. ఒక చిత్రములో మనుష్యులు, పక్షులు, ఎనిమిది కాళ్ల జంతువులు ఉండుననుకొందము. ప్రతి బొమ్మకును లోపల ఎముకల గూడువంటి చట్రము కట్టవలెను. చేయి, కాలు, రెక్క, తోక ఒక్కొక్క మాడ్యూలుగా వ్రాసియుంతురు. బొమ్మ వివరముల పత్రములో ‘రెండు రెక్కలు, ఒక తోక’ అని యుండును. స్క్రిప్టు ఆ పత్రమును చదివి, ఆ పేర్లుగల మాడ్యూలులనే రప్పించి, చట్రమును కట్టును. రేపు దర్శకుడు తొండమున్న జంతువు కావలెనన్నచో, తొండమను మాడ్యూలు నొకదానిని వ్రాసి బుట్టలో వేసినచో చాలును. పాత స్క్రిప్టులో ఒక్క అక్షరమును మార్చనక్కరలేదు. మన హైదరాబాదునందలి చిత్రశాలలలోను ఈ సాధనములతో పనిచేయు యువతీయువకులు ఎందరో కలరు, వారికిది నిత్యవ్యవహారము.

ఇప్పుడు ‘ఒక్కసారి’ అను మాటకు వత్తము. మామూలు స్క్రిప్టు క్షణకాలము నడచి ముగియును. మరల నడిపినప్పుడు అంతయు క్రొత్తగా చదువును. కాని మాయాను గాని, బ్లెండర్‌ను గాని కళాకారుడు ఉదయము తెరచినచో రాత్రివరకు మూయడు. నడుమ అతడు ‘తోక’ మాడ్యూలులో తప్పును కనుగొని దిద్దును, భద్రపరచును, మరల నడుపును. తోక పాతరీతిగనే ఊగును. మరల దిద్దును, మార్పు లేదు. తన తెలివినే శంకించుకొనును. కారణము సులభము: చిట్టాలో తోక పేరు ఉదయమే ఎక్కినది కనుక యంత్రము ఉదయపు తోకనే చేతికిచ్చుచున్నది. ఈ అనుభవము లేని స్క్రిప్టుకారుడు ఉండడనుట అతిశయోక్తి కాదు.

దీనికి విరుగుడుగా ‘మరల చదువుము’ అను ఆదేశము కలదు. పైథాన్ పూర్వపు కూర్పులలో అది అంతర్భాగము. అదియును పూర్తి విరుగుడు కాదు. మాడ్యూలులోనుండి ఒక వస్తువును పేరుతో విడదీసి తెచ్చుకొన్నవారి చేతిలో పాత వస్తువే మిగులును. మరల చదువుటకు పూర్వము పుట్టిన బొమ్మలు పాత నియమములనే పాటించును. చట్టము మారినను పాత దస్తావేజులు పాత చట్టముమీదనే నిలిచినట్లిది. అందుచేతనే అనుభవజ్ఞులు సందేహము కలిగినప్పుడు సాఫ్ట్‌వేరును మూసి తెరచుటయే మేలందురు.

పేరును అప్పటికప్పుడు కూర్చి పిలుచుటలోను వింతలుండెను. పూర్వపు ఆదేశమునకు ‘ఇల్లు, గది, పెట్టె’ అని చుక్కలతో చేర్చి చెప్పినచో అది పెట్టెనివ్వక ఇంటినే చేతిలో పెట్టెడిది. కొందరు విసిగి, ఆదేశవాక్యమునే అక్షరములుగా కూర్చి, ‘దీనిని నడుపుము’ అనెడివారు. ఆ అక్షరములలో ఎవరు ఏమి చేర్చినను యంత్రము నడుపును కనుక అది ప్రమాదకరము. ఈ చిక్కులను తీర్చుటకు బ్రెట్ కానన్ ప్రభృతులు ఇంపోర్టు యంత్రాంగమునంతయు పైథాన్ భాషలోనే తిరిగి వ్రాసిరి. ఆ ఇంపోర్ట్‌లిబ్ అను గ్రంథము 2009లో 3.1వ కూర్పున కనబడి, 2012లో 3.3వ కూర్పునుండి పైథాన్‌కు అసలు ఇంపోర్టు విధానమైనది. దానితో పెట్టెను పిలిచినచో పెట్టెయే వచ్చును. అంతకుముందున్న ఇంప్ అను గ్రంథము 2014లో వర్జ్యమని ప్రకటింపబడి, 2023 అక్టోబరులో వెలువడిన 3.12వ కూర్పున పూర్తిగా తొలగింపబడెను.

ఇట్టి మార్పులు వార్తలో ఒక పంక్తి. చిత్రశాలలో కొన్ని నెలల శ్రమ. పైథాన్ రెండవ తరమునకు 2020 జనవరి 1తో పోషణ ముగిసెను. మాయా 2021లో విడుదలైన తన 2022 కూర్పున మూడవ తరమును ప్రధానముగా స్వీకరించి, మరుసటి కూర్పున రెండవదానిని విడిచిపెట్టెను. ఏండ్లుగా కూడబెట్టిన స్క్రిప్టులన్నింటిని తిరిగి పరీక్షింపవలసివచ్చెను. పాత చిత్రముయొక్క దృశ్యమును తెరచినచో, అది పిలుచు పేరునకు పలుకువారు లేకపోవచ్చును. బొమ్మ పత్రమున్నది, మాడ్యూలు లేదు. అట్టి బొమ్మ తెరచుకొనును గాని కదలదు. చిత్రములను భద్రపరచువారు మాడ్యూలులనుకూడ భద్రపరచవలెనను పాఠమును ఈ విధముగా నేర్చుకొనవలసివచ్చినది.

ఇంతకంటె తీవ్రమైన పాఠము ఇంకొకటి కలదు. పేరు పిలిచినంత వచ్చు ఏర్పాటునకు ఎవరు వచ్చిరో విచారించు అలవాటు లేదు. మాయా తెరచునప్పుడు వాడుకరి స్థలములోని ఒక ఆరంభపత్రమును తానుగా నడుపును. దీనిని ఆధారము చేసికొని, దృశ్యపత్రములలో దాగివచ్చు దుష్ట స్క్రిప్టులు 2020 నాటికి చిత్రశాలలలో వ్యాపించినవి. వానిలో ఒకటి ‘వాక్సిన్’ అను పేరుతో స్క్రిప్టుల స్థలములో తన ప్రతిని పెట్టి, ఆరంభపత్రములో తన పేరును వ్రాసికొని, అటుపై తెరచిన ప్రతి దృశ్యమునకు అంటుకొనెడిది. టీకా పేరుతో రోగమే వచ్చెనన్నమాట. ఆటోడెస్క్ వారు హెచ్చరించి, పత్రములను పరీక్షించు సాధనములను విడుదల చేసిరి. బ్లెండర్ వారు పరాయి పత్రములోని స్క్రిప్టులు తమంతట నడువకుండ మొదటనే ఆపి, వాడుకరి అనుమతించిననే నడుచునట్లు ఏర్పరచియున్నారు.

కేంబ్రిడ్జి బీరువానుండి చుట్టను తీసినవాడు దానిని ఎవరు వ్రాసిరో ఎరుగును; ప్రక్క గదిలోనే వారు పనిచేయుచుండిరి. నేడు పిలిచినంత వచ్చు మాడ్యూలు వ్రాసినవారిని మనము జీవితములో చూడము. వేగము పెరిగినది, విస్తృతి పెరిగినది, పరిచయము తగ్గినది. కనుకనే చిత్రశాలలలో వివేకులు కొన్ని నియమములను పాటించుచున్నారు. రప్పింపదగిన పేర్ల జాబితా ముందే వ్రాసియుంచవలెను. వెదకవలసిన చోట్లు కొద్దిగా, తెలిసినవిగా ఉండవలెను. పేరు దొరకనిచో యంత్రము మౌనముగా ముందుకు పోక, ఏ పేరు దొరకలేదో స్పష్టముగా చెప్పవలెను.

ఈసారి మీ పిల్లలతో కూర్చుండి ఒక కదలుబొమ్మల చిత్రమును చూచునప్పుడు, తెరపై ఒక పక్షి రెక్క విప్పిన క్షణమున ఈ ప్రసంగము జ్ఞాపకమునకు రావచ్చును. ఆ రెక్క వెనుక ఎక్కడనో ఒక పేరు పిలువబడినది. ఎవరో ఎన్నడో వ్రాసిన పొత్తము పలికినది. తోలుబొమ్మలవాడు ఆట ముగిసిన పిదప ప్రతి బొమ్మను దులిపి, చిరుగు చూచి, బుట్టలో తిరిగి పెట్టును. మరుసటి ఊరిలో పేరు పిలిచినప్పుడు అది చేతికందుట ఆ రాత్రి చేసిన ఆ పనివలననే.